మూలికా సారాలతో కూడిన ఎముక చట్రాలు

మూలికా సారాలతో కూడిన ఎముక చట్రాలు అనగా, విరిగిన లేదా కొంతభాగం కోల్పోయిన ఎముక తిరిగి పెరగడానికి ఆధారంగా అమర్చే సూక్ష్మరంధ్రాలు గల కృత్రిమ నిర్మాణాలు. ఔషధ మొక్కల నుండి తీసిన పదార్థాలను వీటి తయారీలో చేరుస్తారు. ఇవి కణజాల ఇంజనీరింగు అనే శాస్త్రశాఖకు చెందినవి. ఇంగ్లీషులో వీటిని స్కాఫోల్డ్ అంటారు. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు వేసే పరంజాకు కూడా అదే మాట. పోలిక తగినదే. పరంజా మీద నిలబడి పనివారు గోడ కడతారు, గోడ లేచిన తరువాత పరంజాను విప్పేస్తారు. ఇక్కడ పనివారు శరీరంలోని కణాలు. ఎముక ఏర్పడుతున్న కొద్దీ చట్రం తనంతట తానే కరిగిపోవాలి.

తెలుగువారికి చిరపరిచితమైన నల్లేరు, పసుపు ఈ పరిశోధనలలో తరచుగా కనిపించే మొక్కలు. విశాఖ మన్యంలోని కొయ్యూరు వంటి ప్రాంతాలలో విరిగిన ఎముకకు మూలికలతో కట్టు కట్టే ఆచారం తరతరాలుగా ఉంది. ఆ మూలికలలో కొన్నింటిని నేటి శాస్త్రజ్ఞులు చట్రాలలో చేర్చి పరీక్షిస్తున్నారు. అయితే పైన పూసే మూలిక, ఎముక లోపల అమర్చే మూలిక ఒకటే పని చేస్తాయని అనుకోరాదు. ఈ చట్రాలలో అత్యధికం ఇప్పటికీ ప్రయోగశాలలలోను, జంతువులపైన పరీక్షల దశలోను ఉన్నవే.

మన్యంలో ఎముకల కట్టు

కొయ్యూరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఒక మండల కేంద్రం. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగేవరకు ఇది విశాఖపట్నం జిల్లాలో ఉండేది. దీనికి దగ్గరి పట్టణం నర్సీపట్నం. 1924 మే 7న అల్లూరి సీతారామరాజు కాల్చివేయబడిన చోటుగా ఈ ఊరి పేరు చరిత్రలో నిలిచింది. మండలం రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు కిందికి వచ్చే గిరిజన ప్రాంతం. చింతపండు దులపడానికి, జీలుగు కల్లు గీయడానికి చెట్లెక్కేవారికి, కొండదారులలో బరువులు మోసేవారికి కాలుచేతులు విరగడం అరుదైన విషయం కాదు. రోడ్డు సరిగా లేని కొండగ్రామం నుండి గాయపడిన మనిషిని డోలీలో మోసుకొని ఆసుపత్రికి చేర్చవలసి వచ్చే చోట, ఊరిలోనే ఉన్న నాటువైద్యుని దగ్గరకు ముందుగా వెళ్ళడం సహజం.

నాటువైద్యంలో విరిగిన భాగాన్ని సరిచేసి, మూలికల ముద్ద పట్టించి, వెదురు బద్దలు పెట్టి గుడ్డతో కడతారు. నల్లేరు కాడల ముద్ద, నరమామిడి చెక్క పొడి ఇందుకు ప్రసిద్ధమైనవి. ఆంధ్ర విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విభాగం పరిశోధకులు విశాఖ మన్యంలోని తెగల మూలికా పరిజ్ఞానాన్ని దశాబ్దాలుగా నమోదు చేస్తూ వచ్చారు. మైదానంలో ఇటువంటి వైద్యానికి పేరెన్నికగన్నది పుత్తూరు కట్టు. పూర్వపు చిత్తూరు జిల్లాలోను, 2022 నుండి తిరుపతి జిల్లాలోను ఉన్న పుత్తూరు సమీపాన ఒక రాజుల కుటుంబం తరతరాలుగా ఈ కట్టు కడుతున్నది. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు అందులో ప్రధానం. తమిళనాడు, కర్ణాటకల నుండి కూడా రోగులు అక్కడికి వస్తారు.

ఈ పద్ధతికి శాస్త్రగ్రంథాల ఆధారం కూడా ఉంది. సుశ్రుత సంహితలో ఎముక విరగడాన్ని 12 రకాలుగాను, కీలు తొలగడాన్ని 6 రకాలుగాను విభజించారు. వెదురుతో, మర్రి, రావి, మద్ది వంటి చెట్ల బెరడుతో బద్దలు కట్టమని చెప్పారు. చలికాలంలో 7 రోజులకు, సమశీతోష్ణ కాలంలో 5 రోజులకు, వేసవిలో 3 రోజులకు కట్టు మార్చాలన్నారు. కట్టు వదులైతే ఎముక నిలవదని, బిగువైతే వాపు, నొప్పి, చీము కలుగుతాయని హెచ్చరించారు. నేటి ఎముకల వైద్యులు కట్టు విషయంలో మొట్టమొదట చూసేదీ ఇదే. నాటుకట్టు బిగువై రక్తప్రసరణ ఆగి, చేయి లేదా కాలు కుళ్ళి తీసివేయవలసి వచ్చిన ఉదంతాలు భారతీయ వైద్యపత్రికలలో అనేకం ప్రచురితమయ్యాయి. తప్పు మూలికది కాదు, బిగువుది.

నల్లేరు

నల్లేరు ద్రాక్ష కుటుంబానికి చెందిన తీగ. దీని శాస్త్రీయ నామం సిస్సస్ క్వాడ్రాంగ్యులారిస్. కాడ నాలుగు పలకలుగా, కణుపు కణుపుగా, గొలుసుకట్టు ఎముకల వలె కనిపిస్తుంది. సంస్కృతంలో దీనిని అస్థిసంహారక, వజ్రవల్లి అంటారు. "సంహారం" అనే మాట చూసి ఎముకను చంపేదని భ్రమపడరాదు. ఇక్కడ ఆ మాటకు కూర్చడం, ఒకటిగా చేర్చడం అని అర్థం. 11వ శతాబ్దపు వైద్యగ్రంథమైన చక్రదత్తంలో విరిగిన ఎముకల చికిత్సలో దీని ప్రస్తావన ఉంది. లాక్షాగుగ్గులు అనే ఆయుర్వేద ఔషధంలో లక్క, మద్ది, అశ్వగంధ, గుగ్గిలంతో పాటు ఇదీ ఒక భాగం. లేత కాడలతో పచ్చడి చేసుకుంటారు. కాడలో కాల్షియం ఆక్సలేటు స్ఫటికాలు ఉన్నందున చేతికి, నాలుకకు దురద పెడుతుంది. అందుకే నూనెలో బాగా వేయించి, చింతపండు తప్పక వేస్తారు.

నల్లేరుపై ఆధునిక పరిశోధనకు నాంది పలికినది కాశీ హిందూ విశ్వవిద్యాలయం. 1960ల తొలినాళ్ళలో అక్కడి కె.ఎన్. ఉడుప, జి.సి. ప్రసాద్ జంతువులలో ఎముకలు విరిచి, నల్లేరు సారం ఇచ్చి అతుకును పరిశీలించారు. కార్టిజోన్ అనే మందు ఎముక అతుకును మందగింపజేస్తుంది. ఆ మందు ఇచ్చిన జంతువులలో కూడా నల్లేరు వలన అతుకు మెరుగుపడిందని 1963లో ప్రకటించారు. మరుసటి ఏడు రేడియోధార్మిక కాల్షియం-45 సహాయంతో అతుకులోకి కాల్షియం చేరడాన్ని, అతుకు గట్టిదనాన్ని కొలిచిన ఫలితాలను వెలువరించారు. ఆ తరువాత నల్లేరులో స్టీరాయిడు తరహా పదార్థాలు, క్వెర్సెటిన్ వంటి ఫ్లావనాయిడులు, రెస్వెరాట్రాల్‌కు సంబంధించిన పదార్థాలు, విటమిన్ సి ఉన్నట్లు గుర్తించారు. ఇవన్నీ కలిసి పనిచేస్తాయా, ఒకటి రెండే ముఖ్యమా అన్నది తేలలేదు.

ఎముక తనను తాను ఎలా అతుకుకొంటుంది

చట్రం అవసరం అర్థం కావాలంటే, చట్రం లేకుండానే ఎముక అతికే తీరు తెలుసుకోవాలి. ఎముక బరువులో సుమారు మూడింట రెండు వంతులు ఖనిజం. అది కాల్షియం, ఫాస్ఫేటులతో కూడిన హైడ్రాక్సీ అపటైట్‌ను పోలి ఉంటుంది. మిగిలినదానిలో అధికభాగం కొల్లాజెన్ అనే మాంసకృత్తు, నీరు. ఖనిజం గట్టిదనాన్ని, కొల్లాజెన్ సాగేగుణాన్ని ఇస్తాయి. ఎముక వెలుపలి పొర దట్టంగా, లోపలి భాగం స్పంజిలా ఉంటుంది.

ఎముక విరిగినప్పుడు ముందుగా అక్కడ రక్తం గడ్డకడుతుంది. కొద్ది రోజులలో అందులోకి కొత్త కణాలు, సన్నని రక్తనాళాలు చేరతాయి. రెండు మూడు వారాలలో మృదులాస్థి వంటి మెత్తని అతుకు, తరువాతి వారాలలో ఖనిజం చేరిన గట్టి అతుకు ఏర్పడతాయి. ఆపైన నెలల తరబడి, ఒక్కొక్కసారి ఏళ్ళ తరబడి, ఆస్టియోక్లాస్టులు అనే కణాలు అదనపు ఎముకను తొలిచివేస్తుంటే ఆస్టియోబ్లాస్టులు అనేవి కావలసినచోట నిర్మిస్తూ పూర్వపు ఆకారాన్ని తెస్తాయి. మచ్చ లేకుండా అతికే కణజాలాలు శరీరంలో బహు తక్కువ. ఎముక వాటిలో ఒకటి. పుత్తూరులోనైనా, మన్యంలోనైనా, పట్టణంలోని ఆసుపత్రిలోనైనా కట్టు చేసే మేలులో అధికభాగం, విరిగిన కొసలను ఎదురెదురుగా కదలకుండా ఉంచి ఈ సహజ ప్రక్రియకు అవకాశం ఇవ్వడమే.

అయితే దీనికొక హద్దు ఉంది. ప్రమాదంలో ఎముక ముక్కలై పోయినా, గడ్డ కారణంగా శస్త్రచికిత్సలో తీసివేసినా, చీము పట్టి కరిగినా, మధ్య ఏర్పడే ఖాళీ కొన్ని సెంటీమీటర్లకు మించితే కొసలు కలవవు. ఖాళీని పీచు కణజాలం ఆక్రమిస్తుంది. అటువంటప్పుడు రోగి తుంటి ఎముక నుండి కొంత ముక్క తీసి అమర్చడం నేటికీ ఉత్తమ చికిత్సగా పరిగణించబడుతుంది. కాని తుంటి దగ్గర మరొక గాయం, నొప్పి మిగులుతాయి. పైగా తీయగల ఎముక పరిమితం. ఈ లోటు తీర్చడానికే కృత్రిమ చట్రాల కోసం అన్వేషణ మొదలైనది.

చట్రం, దాని రంధ్రాలు

1965లో మార్షల్ యూరిస్ట్ అనే అమెరికన్ శస్త్రవైద్యుడు, ఖనిజం తొలగించిన ఎముకను కండరంలో పెడితే అక్కడ కొత్త ఎముక పుడుతుందని చూపించాడు. 1969లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో లారీ హెంచ్ ఎముకతో నేరుగా అతుక్కొనే గాజును కనుగొన్నాడు. సిలికా, సోడియం, కాల్షియం, భాస్వరాల ఆక్సైడులతో చేసిన ఈ గాజుకు 45ఎస్5 అని పేరు. 1993లో రాబర్ట్ లాంగర్, జోసెఫ్ వకాంటి రాసిన వ్యాసం తరువాత కణజాల ఇంజనీరింగు అనే మాట విస్తృతంగా ప్రచారంలోకి వచ్చింది.

చట్రాలను హైడ్రాక్సీ అపటైట్, ట్రైకాల్షియం ఫాస్ఫేటు వంటి పింగాణీ తరహా పదార్థాలతో గాని, రొయ్య పెంకుల నుండి తీసే కైటోసాన్, కొల్లాజెన్, పాలీకాప్రోలాక్టోన్ వంటి పాలిమర్లతో గాని, రెండూ కలిపి గాని చేస్తారు. పింగాణీ గట్టిది, కాని పెళుసు. పాలిమరు వంగుతుంది, కాని బరువు మోయలేదు. అందుకే మిశ్రమాలు ఎక్కువ.

పదార్థం ఏదైనా, చట్రం గుణం దాని రంధ్రాలలో ఉంది. రంధ్రాలు ఉంటే చాలదు, అవి ఒకదానిలోకి ఒకటి తెరుచుకొని ఉండాలి. తేనెపట్టులోనూ గదులున్నాయి, కాని ప్రతి గదికీ గోడ అడ్డం. ఎండిన బీరకాయ పీచులో అయితే నీరు ఒకవైపు పోస్తే మరొకవైపు కారిపోతుంది. ఎముక చట్రం బీరపీచు వలె ఉండాలి. కణాలు లోపలికి పాకాలి, రక్తనాళాలు చొరబడాలి, వ్యర్థాలు బయటికి పోవాలి. 1970లలో సుమారు 100 మైక్రోమీటర్ల రంధ్రం కనీస అవసరంగా భావించారు. రక్తనాళాలు చక్కగా ఏర్పడాలంటే 300 మైక్రోమీటర్లకు పైబడిన రంధ్రాలు మేలని 2005లో వెలువడిన ఒక సమీక్ష సూచించింది. మైక్రోమీటరు అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. రంధ్రాలు పెంచితే బలం తగ్గుతుంది. ఈ చిక్కుకు పూర్తి పరిష్కారం దొరకలేదు. తొడ ఎముక వంటి బరువు మోసే చోట చట్రానికి తోడుగా లోహపు పలక లేదా కడ్డీ తప్పనిసరి కావడానికి కారణం ఇదే.

రంధ్రాలు చేసే పద్ధతులు పలురకాలు. ద్రావణంలో ఉప్పు పలుకులు కలిపి, గట్టిపడిన తరువాత నీటిలో ఉప్పును కరిగించివేయడం ఒకటి. ద్రావణాన్ని గడ్డకట్టించి, శూన్యంలో ఉంచితే మంచు స్ఫటికాలు నీరు కాకుండానే ఆవిరై, అవి ఉన్నచోట ఖాళీలు మిగులుతాయి. దీనిని శీతలీకరణ శోషణ అనవచ్చు. విద్యుత్ క్షేత్రంలో పాలిమరును సన్నని పోగులుగా వడకడం మరొకటి. త్రిమితీయ ముద్రణలో రంధ్రాల కొలతలను కంప్యూటరులో ముందే నిర్ణయించవచ్చు. రోగి సీటీ స్కాను ఆధారంగా ఖాళీకి సరిపోయే ఆకారం తయారుచేసే అవకాశం ఇందులో ఉంది.

మూలికను చేర్చడం

ఎముకను పెంచే మాంసకృత్తులను చట్రంలో పెట్టే పద్ధతి మూలికల కంటే ముందే చికిత్సలోకి వచ్చింది. వీటిలో బీఎంపీ-2 అనేదానికి 2002లో అమెరికాలో వెన్నెముక శస్త్రచికిత్సకు అనుమతి లభించింది. అయితే అది ఖరీదైనది. ఎక్కువ మోతాదులో వాపు, అక్కరలేని చోట ఎముక పెరగడం వంటి ఇబ్బందులు కలిగాయి. చవకగా దొరికే, నిలువ ఉండే మొక్కల పదార్థాలవైపు పరిశోధకుల దృష్టి మళ్ళడానికి ఇదొక కారణం. చైనాలో ఎపిమీడియం మొక్కలోని ఇకారిన్‌ను, పంపర జాతి పండ్లలోని నారింజిన్‌ను, భారతదేశంలో నల్లేరును, పసుపులోని కుర్కుమిన్‌ను ఎక్కువగా పరీక్షించారు.

మూలికా సారాన్ని ద్రావణంలోనే కలిపి చట్రం చేయవచ్చు, లేదా తయారైన చట్రాన్ని సారంలో నానబెట్టవచ్చు. నానబెట్టినప్పుడు సారం చాలావరకు మొదటి రోజులలోనే బయటికి పోతుంది. ఎముక కోలుకోవడానికి వారాలు పడితే మందు రోజులలో అయిపోవడం వృథా. అందుకే సారాన్ని అతిసూక్ష్మ గోళీలలో పొదిగి, ఆ గోళీలను చట్రంలో అమర్చే ప్రయత్నాలు జరిగాయి. నాటుకట్టుకు, చట్రానికి గల ముఖ్యమైన తేడా ఇక్కడే ఉంది. చర్మం మీద పట్టించిన ముద్దలోని పదార్థం చర్మాన్ని, కొవ్వును, కండను దాటి ఎముకను చేరవలసి ఉంటుంది. అంతలోతుకు చేరేది స్వల్పం. చట్రంలో ఉన్నది నేరుగా విరిగినచోటనే విడుదలవుతుంది.

పసుపు విషయంలో ఇది మరింత స్పష్టం. విశాఖ మన్యం పసుపు పంటకు పేరుపొందిన ప్రాంతం. పసుపు కొమ్ములో కుర్కుమిన్ నూటికి కొద్ది పాళ్ళే. నోటి ద్వారా తీసుకొన్న కుర్కుమిన్ నీటిలో సరిగా కరగక, కరిగినంత మేరకు కాలేయంలో మార్పుచెంది, రక్తంలో అత్యల్పంగా మిగులుతుంది. అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో సుస్మితా బోస్ బృందం త్రిమితీయ ముద్రణతో చేసిన కాల్షియం ఫాస్ఫేటు చట్రాలలో కుర్కుమిన్‌ను పాలిమరు పూతలతో చేర్చింది. పూతవలన అది మెల్లగా విడుదలై, ఎలుకల తొడ ఎముకలో కొత్త ఎముక ఎక్కువగా ఏర్పడినట్లు 2018లో ప్రకటించింది.

నల్లేరు చట్రాలు

నల్లేరుతో చట్రం చేసిన తొలి ప్రయత్నాలలో ఒకటి కొచ్చిలోని అమృత సంస్థలో జరిగింది. అక్కడి పరిశోధకులు కైటోసాన్, కార్బాక్సీమిథైల్ సెల్యులోజులలో నల్లేరు సారం కలిపి, పైన చెప్పిన శీతలీకరణ పద్ధతిలో రంధ్రాల చట్రం తయారుచేసి 2012లో వివరాలు ప్రచురించారు. 2014లో చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం, సింగపూరు జాతీయ విశ్వవిద్యాలయాల పరిశోధకులు కలిసి పాలీకాప్రోలాక్టోన్ పోగులలో నల్లేరు సారాన్ని, హైడ్రాక్సీ అపటైట్‌ను చేర్చి అల్లిన చట్రాన్ని వివరించారు. ఈ రెండవ బృందంలోని ఆచార్య శీరం రామకృష్ణ విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివినవారు. పాలిమరు పోగుల రంగంలో ప్రపంచ ప్రసిద్ధి పొందారు.

ఇటువంటి చట్రాలపై ఎముక కణాలను పెంచి, అవి బతికి వృద్ధి చెందుతున్నాయా, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము పెరిగిందా, ఖనిజం చేరిందా అని చూస్తారు. ఖనిజం చేరినచోట అలిజరిన్ అనే రంగు ఎర్రగా పడుతుంది. ఈ రంగు కథ ఆసక్తికరం. అలిజరిన్ పూర్వం మంజిష్ఠ జాతి మొక్క వేరునుండి తీసేవారు. 1736లో లండనులో జాన్ బెల్చియర్ అనే వైద్యుడు, ఆ మొక్క కలిసిన మేత తిన్న పందుల ఎముకలు ఎర్రబడడం గమనించాడు. ఎముక జీవితాంతం మారుతూ ఉంటుందని తెలియడానికి ఆ గమనికే దారితీసింది. ఎముకల శాస్త్రంలో మూలిక ప్రవేశం చట్రాలతో మొదలైనది కాదన్నమాట.

పరిమితులు

"నల్లేరు మీద బండి నడక" అని తెలుగులో సామెత. నల్లేరు చట్రం ప్రయాణం మాత్రం అటువంటిది కాదు. గాజుపాత్రలో కణాలు పెరగడానికి, మనిషి కాలిలో ఎముక పెరగడానికి చాలా దూరం ఉంది. పాత్రలో రక్తప్రసరణ లేదు, బరువు లేదు, చీము లేదు. ఎలుక, కుందేలు ఎముకలు మనిషి ఎముకల కంటే వేగంగా అతుకుతాయి. మనుషులలో నల్లేరును మాత్రలుగా ఇచ్చి, దవడ ఎముక విరిగినవారు మొదలైన కొద్దిమందిపై జరిపిన చిన్న అధ్యయనాలు ఆశాజనకంగా ఉన్నా, అవి నల్లేరు చట్రానికి రుజువులు కావు.

మరొక చిక్కు మూలికా సారం ఎప్పుడూ ఒకేవిధంగా ఉండకపోవడం. నేల, ఋతువు, కోసిన వయస్సు, నీటితో తీశారా సారాతో తీశారా అన్నదానిని బట్టి అందులోని పదార్థాల పాళ్ళు మారతాయి. మోతాదు మించితే మేలు చేసే సారమే కణాలను చంపుతుంది. ఈ కారణంగా భారత ప్రభుత్వం 2015లో ఫైటోఫార్మాస్యూటికల్ అనే కొత్త ఔషధ వర్గాన్ని ఏర్పరచింది. ఈ వర్గంలోకి రావాలంటే సారాన్ని శుద్ధిచేసి, ప్రమాణీకరించి, అందులో కనీసం నాలుగు పదార్థాలను గుర్తించి కొలవాలి.

చట్రం ఏదైనా దానిని అమర్చేది శస్త్రచికిత్సలోనే. కనుక నల్లేరుపై పరిశోధనలు జరుగుతున్నాయన్న వార్తను, విరిగిన ఎముకకు ఇంట్లో నల్లేరు ముద్ద కట్టుకుంటే చాలునన్న అర్థంలో తీసుకోరాదు. చర్మం చీలి ఎముక బయటపడినప్పుడు గాయంపై పచ్చి ఆకు పెట్టడం వలన ధనుర్వాతం, చీము వచ్చే ప్రమాదం ఉంది. కట్టు కట్టిన తరువాత వేళ్ళు చల్లబడినా, నల్లబడినా, తిమ్మిరెక్కినా, వేళ్ళు సాచినప్పుడు భరించలేని నొప్పి ఉన్నా కట్టును వెంటనే వదులు చేసి ఆసుపత్రికి తరలించాలి. రక్తప్రసరణ నిలిచిపోతే సుమారు ఆరు గంటలలో కండరాలు తిరిగి కోలుకోలేని స్థితికి చేరుకుంటాయి. కొండ దిగి రావడానికే సగం రోజు పట్టే గ్రామాలకు ఈ లెక్క మరీ ముఖ్యం.

పరిజ్ఞానంపై హక్కు, మొక్కల మనుగడ

పసుపుతో గాయాలు మాన్పడంపై 1995లో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి అమెరికాలో పేటెంటు లభించగా, భారత శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి పాత గ్రంథాలను ఆధారంగా చూపి 1997లో రద్దు చేయించింది. గ్రంథస్థమైన పరిజ్ఞానానికి ఆ రక్షణ ఉంది. మన్యంలోని నాటువైద్యుల పరిజ్ఞానం ఎక్కువగా నోటిమాటగా వస్తున్నది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానికుల పరిజ్ఞానాన్ని వ్యాపారానికి వాడుకొనేవారు లాభంలో వాటా ఇవ్వాలి. 2023లో చేసిన సవరణ గ్రంథస్థమైన సంప్రదాయ పరిజ్ఞానాన్ని వాడుకొనేవారికి ఈ బాధ్యత నుండి మినహాయింపు ఇచ్చింది. నల్లేరు ఆయుర్వేద గ్రంథాలలో ఉన్నందున దాని వినియోగం ఈ మినహాయింపు పరిధిలోకి రావచ్చు. గ్రంథాలకెక్కని మన్యపు మూలికలకు మాత్రం పాత నియమమే వర్తిస్తుంది. ఆ మేరకు వాటిని ఎవరు, ఏ ఊరినుండి నేర్చుకొన్నారన్న నమోదు విలువ పెరిగింది.

నల్లేరు కాడ ముక్క నాటితే చాలు, కంచె మీదనైనా పాకుతుంది. నరమామిడి అటువంటిది కాదు. దీని బెరడును విరిగిన ఎముకలకే గాక, జిగురు గుణం వలన అగరువత్తుల తయారీకి కూడా పెద్ద ఎత్తున సేకరిస్తారు. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేసే అటవీ ఉత్పత్తులలో ఇదీ ఒకటి. చుట్టూ బెరడు ఒలిచిన చెట్టు ఎండిపోతుంది. ఆ విధంగా మన్యంలో నరమామిడి చెట్లు బాగా తగ్గిపోయాయి. పైగా ఈ పేరుతో ఒకటికి మించిన జాతుల బెరడు బజారులో చెలామణి అవుతున్నది. కాండానికి ఒకవైపున నిలువుపట్టీగా మాత్రమే బెరడు తీసి, అది మళ్ళీ పూడేవరకు రెండవవైపు ముట్టకుండా ఉంటే చెట్టు బతుకుతుంది.